పదుమూడేండ్ల పార్వతి

నవల చదివినవారు ఆ నవలను సినిమాగా చూచి వచ్చిన రాత్రి ఇంటిలో మాటలు సామాన్యముగా ఒకే త్రోవను నడచును. "పుస్తకములో అట్లు లేదు" అని ఒకరందురు. "ఆ ఘట్టము తీసివైచినారు" అని మరియొకరందురు. "ఆ పాట యెక్కడినుండి వచ్చినది?" అని మూడవవారు అడుగుదురు. ఈ ఫిర్యాదులు నాకు పెద్దవిగా తోచవు. నాలుగు దినములు చదువదగిన గ్రంథమును మూడు గంటలలో చూపవలసినవాడు కొంత కోయక తప్పదు. అరువది ఏండ్లకు పైగా పుస్తకములు చదువుచు, వానిని తెరమీద చూచుచు వచ్చిన నాకు, ఈ కోతలకన్న ఎక్కువగా మనస్సున నాటినది వేరొక మార్పు. దానిని మార్పుగా ఎవరును లెక్కింపరు. అది పాత్రల వయస్సు.

ఈ మాట చెప్పుటకు ముందు నా చదువును గూర్చి కొంచెము చెప్పవలెను. మాది విజయనగర ప్రాంతమునందలి ఒక గ్రామము. మా తండ్రిగారు ఉపాధ్యాయులు. వారి జీతమునకు మించిన బీరువా ఒకటి మా యింట నుండెడిది. దానిలో వీరేశలింగము పంతులుగారును, గురజాడ అప్పారావుగారును, తెనుగులోనికి వచ్చిన శరత్‌చంద్ర నవలలును ఒకదానినొకటి ఒరసికొని యుండెను. అమ్మ మధ్యాహ్నము వంటయిల్లు కడిగి, కొంగుతో చేతులు తుడుచుకొని, గడపయొద్ద కూర్చుండి చదివెడిది. వారపత్రికలలో ధారావాహికముగా వచ్చు నవలల పుటలను జాగ్రత్తగా చించి, వరుసగా పేర్చి, దబ్బనముతో గుచ్చి, పురికొసతో కుట్టి, పాత క్యాలెండరు కాగితము అట్టగా వేయుట మా ఆడపిల్లల పని. ఒక్క వారము పత్రిక రాకపోయిన ఆ ప్రకరణము కొరకు ఇరుగుపొరుగు ఊళ్ళకు కబురంపెడివారము. ఆ కట్టలు నేటికిని నా ట్రంకుపెట్టెలో కొన్ని యున్నవి.

1963వ సంవత్సరము వేసవిలో నేను "దేవదాసు" చదివితిని. శరత్‌చంద్రుడు యౌవనారంభమున వ్రాసి 1917లో ప్రచురించిన నవల అది. చిన్న పుస్తకము, రెండు పూటల చదువు. అందు పార్వతి యౌవనమును వర్ణించుచోట ఆమెకు 13 ఏండ్లని యున్నది. ఆ వేసవికి నాకును 13 ఏండ్లే. ఆ సంఖ్యయొద్ద నేను ఆగిపోయితిని. అంతవరకు ఆమె పెద్దది, కథలోనిది, వంగదేశమునందలిది. అక్కడినుండి ఆమె మా తరగతిలో నా ప్రక్క బల్లమీద కూర్చుండు పిల్ల యైపోయెను.

పదుమూడేండ్ల ఆ పిల్ల నడిరేయి ఒంటరిగా దేవదాసు గదికి పోయి తన గతి యేమని అడుగును. అతడు తల్లిదండ్రుల మాటకు వెఱచి కలకత్తాకు పోయి, అక్కడినుండి ఉత్తరము వ్రాయును. పిమ్మట ఆమెను నలుబదికి దరిదాపున నున్న భార్యావిహీనుడగు జమీందారునకు ఇత్తురు. ఆయన పెద్దకొడుకు ఈమెకన్న పెద్దవాడు. పెండ్లియైన కూతురును కలదు. పార్వతి అత్తవారింటికి పోయి, ఆ కూతురు కోపము తీర్చుటకు తన నగలన్నియు తీసి ఆమెకు పెట్టును. పదుమూడేండ్ల పిల్ల తనకన్న పెద్దవారికి తల్లియైన విధము ఇది. ఇంకొక సంగతి కలదు. దేవదాసుని ఇంటివారు పార్వతిని కోడలిగా వలదనుటకు చెప్పిన కారణములలో, ఆమె పుట్టిల్లు ఆడపిల్లలను సొమ్ముకిచ్చు వంశమనునది ఒకటి. అనగా మన కన్యాశుల్కమే వంగదేశమున పార్వతి నుదుట వ్రాసియున్నది. తెరమీద దేవదాసును చూచి వచ్చి దినములకొలది నిట్టూర్చినవారు నాకు వందలమంది తెలియును. ఈ సంగతి జ్ఞాపకమున్నవారు వారిలో ఒక్కరును నాకు తారసపడలేదు.

ఆ యేటి శరత్కాలముననే మా ఊరి చివర డేరా సినిమా దిగెను. 1953లో వేదాంతం రాఘవయ్యగారి దర్శకత్వమున వెలువడిన "దేవదాసు" పదేండ్ల తరువాత గీతలుపడిన రీళ్ళతో మా ఊరికి వచ్చెను. ఆడవారివైపు తడిక కట్టియుండిరి. నేలమీద ఇసుక. యంత్రము ఒక్కటే గనుక రీలు మార్చునపుడెల్ల దీపములు వెలిగెడివి, మరమరాలవాడు తిరిగెడివాడు. సావిత్రి పార్వతిగా కనుపించిన మొదటి క్షణమునుండి నా కన్ను మరలలేదు. ఆమెకు అప్పటికి ఇరువది ఏండ్లయినను నిండలేదు. అయినను తెరమీద ఆమె నిండు యువతి. ఆ కన్నులలో నిశ్చయమున్నది, అభిమానమున్నది, ఎదుటివానిని నిలువరించు శక్తియున్నది. నేను అందరితోపాటు ఏడ్చితిని. అంత గొప్ప నటనకు ఏడువనివారు ఉందురా? కాని ఇంటికి వచ్చి చాపమీద పండుకొన్న తరువాత నాకు ఒకటి తోచెను. డేరాలో నేను ఏడ్చినది వేరొకతె కొరకు. వేసవిలో నేను చదివిన పిల్ల ఆ తెరమీదకు రానేలేదు.

దీనిని చిన్న వ్యత్యాసమనుకొనరాదు. ఎదిగిన యువతికి కోరినవానితో పెండ్లి తప్పిపోయిన అది ప్రణయవైఫల్యము. చూచువారి జాలి ఇద్దరిమీదను సమానముగా ప్రవహించును. మత్తులో మునిగినవానిమీద కొంచెము ఎక్కువగానే ప్రవహించును. పదుమూడేండ్ల పిల్లను తండ్రి ఈడువానికి ఇచ్చిన, అది రెండు కుటుంబములును ఒక కులాచారమును కలిసి చేసిన పని. అప్పుడు మనము అడుగవలసినవారు వేరు. చలనచిత్రమున ఎవరును అబద్ధమాడలేదు, కథ మార్చలేదు. సంఖ్య ఒకటి జారిపోయెను, దానితోపాటు నేరము చిరునామా మారిపోయెను. ఆ తరువాత మా ఊరి పడుచువాండ్రు కొన్నినెలలు శాలువలు కప్పుకొని దేవదాసు పాటలు పాడుచు తిరిగిరి. సుబ్బరామన్‌గారు కూర్చిన ఆ పాటలు నేటికిని మధురములే. ఆయన ఆ చిత్రము విడుదలకు ముందే, 1952లో గతించిరి. కాని ఆ పాటలు పాడినవారిలో ఎవడైన పార్వతి యీడు పిల్లను ముసలిసంబంధమునకు ఇచ్చుచున్న ఇంటిముందు నిలిచి ఇది తగదని అన్నట్లు నేను వినలేదు.

అట్లైన 13 ఏండ్ల పిల్లను తెచ్చి ఆ నడిరేయి ఘట్టమున నిలుపుమందువా యని చదువరులు అడుగుదురు. ఎన్నటికిని అనను. కాగితముమీది 13 అను అంకె ఏ పిల్లకును హాని చేయదు. తెరమీద నిలిచిన పిల్ల నిజమైన పిల్ల, ఆమెకు తల్లి కలదు, బడి కలదు. ఈ విషయమున అక్షరమునకున్న స్వేచ్ఛ తెరకు లేదు, ఉండరాదు. అయితే, చూపరానిదానిని చెప్పవచ్చును. ఒక మాటలో చెప్పవచ్చును, చేతిలోని లక్కపిడతతో చెప్పవచ్చును, గౌరీనోము నోచుచు నిద్రపోయిన పిల్లను ఎత్తుకొనిపోవు చేతులతో చెప్పవచ్చును. చెప్పవలెనని తోచుటయే ముఖ్యము.

వయస్సు యథార్థముగా తెరకెక్కిన చిత్రము మన తెనుగున ఒకటి తొలినాళ్ళలోనే కలదు. కాళ్ళకూరి నారాయణరావుగారి "వరవిక్రయము" నాటకమును చిత్తజల్లు పుల్లయ్యగారు 1939లో కలకత్తా ఈస్టిండియా ఫిలిం కంపెనీవారికై చిత్రముగా తీసిరి. బలిజేపల్లి లక్ష్మీకాంతముగారు పిసినారి సింగరాజు లింగరాజు. తన పెండ్లికొరకు తండ్రి భూమి అమ్మవలసివచ్చుట సహింపలేక నూతిలో పడు కాళింది పాత్రను ధరించిన బాలిక భానుమతి. ఆమె 1925లో జన్మించెను. అదియే ఆమెకు మొదటి చిత్రము. అప్పటికి ఆమెకు పట్టుమని 14 ఏండ్లు. 1929లో పుట్టి 1930 ఏప్రిలున అమలునకు వచ్చిన శారదా చట్టము ఆడపిల్ల పెండ్లికి పెట్టిన కనీస వయస్సును 14 ఏండ్లే. కూతురిని తెరమీద నాయకుడు తాకరాదని ఆమె తండ్రి నిబంధన పెట్టెనను సంగతి ప్రసిద్ధము. ఆ కాలపు సంకోచమని నవ్వువారు నవ్వుదురు. పిల్ల వయస్సును జ్ఞాపకముంచుకొన్న తండ్రి యని నేననుకొందును.

ఈ చిత్రమును నేను చాల ఆలస్యముగా చూచితిని. ధ్వని గరగరలాడుచున్నది, చిత్రము మసక. అయినను కాళింది పాడుచుండగా కంఠమున ఇంకను పోని పసితనము వినబడును. నూతివైపు నడుచునది పెద్దమనిషి కాదు, పిల్ల యని చెవులకే తెలియును. నాటకమున తరువాత భాగము మీకు జ్ఞాపకముండవచ్చును: చెల్లెలు కమల ఆ వరునే పెండ్లాడి, సొమ్ముపోసి కొన్నది మేము గనుక అతడే మా యింటికి వచ్చి యుండవలెనని న్యాయస్థానమున నిలిచి గెలుచును. ఆ భాగమునకు జనులు చప్పట్లు చరతురు. ఆ చప్పట్లు న్యాయమైనవే. కాని అక్క చావు తరువాత వచ్చిన గెలుపు అది.

కన్యను అమ్మిన కాలము పోయి వరుని కొనవలసిన కాలము వచ్చెనని మా మామ్మ అనెడిది. మా తండ్రిగారి తల్లి. ఆమెకు చదువు రాదు, చెప్పించినవారు లేరు. 8వ ఏట పెండ్లి, 24వ ఏట వైధవ్యము. పురాణచిత్రము వచ్చినదని చెప్పి బతిమాలినను డేరావైపు వచ్చెడిది కాదు. "కన్యాశుల్కము" వచ్చినదని చాకలి రాముడు దండోరా విని చెప్పగా, "నేనూ వస్తానర్రా" అని తానే లేచెను. ఎవరికిని నమ్మశక్యము కాలేదు. అమ్మ ముందుగా పోయి తడికపక్కన చాప వేయించెను. మామ్మ తలమీదికి ముసుగు లాగికొని, తన ఇత్తడి చెంబు తాను తెచ్చుకొని, ఆ చాపమీద కూర్చుండెను.

అది 1955లో పి. పుల్లయ్యగారి దర్శకత్వమున వచ్చిన చిత్రము. రామారావు గిరీశము, సావిత్రి మధురవాణి, షావుకారు జానకి బుచ్చమ్మ, సి.ఎస్.ఆర్. రామప్పపంతులు, గోవిందరాజుల సుబ్బారావు లుబ్ధావధానులు. డేరా అంతయు నవ్వుచుండెను. పుస్తకము చదివినవారికి ఆ మాటలన్నియు కంఠస్థములు; నటునికన్న ముందే జనమునుండి మాట వెడలెడిది. లుబ్ధావధానులకు కరటకశాస్త్రి తన శిష్యునికి ఆడువేషము వేసి కట్టబెట్టు ఘట్టము వచ్చెను. ఇసుకమీద దొర్లి నవ్వినవారు కలరు. నేనును నవ్వితిని. రీలు మార్చుటకు దీపములు వెలుగగా మామ్మవైపు చూచితిని. ఆమె మొగమున నవ్వు లేదు. కోపమును లేదు.

"వాడు మగపిల్లాడు గనక నవ్వేరే అమ్మా" అన్నది. "తెల్లారితే వేషం తీసేసి పారిపోతాడు."

నాకు మాట తోచలేదు. గురజాడవారు సుబ్బిని రక్షించిరి. ఆ వివాహపీటమీద నిజమైన పిల్లను కూర్చుండబెట్టక, మగపిల్లవానిని కూర్చుండబెట్టిరి గనుకనే ఆ నాటకమును మనము నవ్వుచు చదువగలుగుచున్నాము. ప్రహసనమునకు అది ప్రాణము. పారిపోలేనివారి సంగతి ఆయన మరువలేదు. దానిని నాటకములో గాక 1897లో అచ్చైన తొలికూర్పు పీఠికలో, ఆంగ్లమున, అంకెలలో పెట్టిరి. విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో జరిగిన బ్రాహ్మణ శుల్కవివాహముల పట్టిక అది. విజయనగర మహారాజు సిద్ధపరపించినది. దొరికిన లెక్క 1,034 పెండ్లిండ్లు. పెండ్లినాటికి 99 మంది పిల్లలకు అయిదేండ్లు, 44 మందికి నాలుగు, 36 మందికి మూడు, ఆరుగురికి రెండు, ముగ్గురికి ఒక్క యేడు. ఈ అంకెలు తెరమీదకు రావు. పీఠికలను ఎవరును చిత్రములుగా తీయరు.

అయినను ఆ చిత్రము తీసినవారికి ఈ లోటు తెలిసియుండునని నా నమ్మకము. నాటకములో లేనిది ఒకటి వారు చేర్చిరి. గురజాడవారే వేరుగా వ్రాసిన పూర్ణమ్మ గేయకథను తెచ్చి చిత్రమున పాటగా పెట్టిరి. ముసలివానికి అమ్ముడుపోయిన పిల్ల. ఆమెకు వేషము తీసివైచి పారిపోవు దారి లేదు. ఆమె కోనేటివైపు పోవును. పుస్తకములో లేని పాట యేల యని ఫిర్యాదు చేయువారికి నేను ఈ పాటను చూపుదును. నాటకము ముందు పీఠిక నిలిచిన చోటనే చిత్రములో ఈ పాట నిలిచినది. ఆ పాట జరుగుచున్నంతసేపు మా డేరాలో దగ్గు కూడ వినబడలేదు. మామ్మ చెంబుమీద చేయివేసి కదలక కూర్చుండెను.

మరునాడు ఆమె నన్ను పిలిచి ఆ పుస్తకము చదివి వినిపింపుమనెను. బడినుండి వచ్చి, దీపము పెట్టువేళకు ముందు, రోజునకు నాలుగైదు పుటలు. సుబ్బి సంబంధము కుదిర్చినందుకు తల్లి వెంకమ్మ నూతిలో పడిన తావు వచ్చినప్పుడు మామ్మ చేయెత్తి ఆపుమన్నది. పుస్తకము మూసితిని. చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "మా అమ్మ నూతిలో పడలేదు. పడితే బాగుణ్ణు అని ఆవిడే అనుకునేది" అన్నది. "నన్ను ఆరువందలకిచ్చేరు. ఆ డబ్బెట్టి మా అన్నయ్యకి పిల్లని తెచ్చేరు. నన్నమ్మి వదిన్ని కొన్నారు. వదినకీ ఎనిమిదే. ఇద్దరం ఒక్క వారం లక్కపిడతలాడుకున్నాం. అంతలో నన్ను పంపేసేరు."

శుల్కవివాహము నడచిన విధమంతయు ఈ నాలుగు మాటలలో కలదు. కూతురివలన వచ్చిన సొమ్ము కొడుకు పెండ్లికి పోవును, ఆ సొమ్ము ఇంకొక యింటి కూతురిమీద చెల్లును. ఇంటి యజమాని దుర్మార్గుడు కానక్కరలేదు, చక్రములో ఒక ఆకు అయిన చాలును. నేను కళాశాలలో సాంఘికచరిత్ర కొంత చదివితిని. ఇంత సూటిగా చెప్పిన పుట నాకు తగులలేదు. ఈ మాటలు మామ్మనోట వచ్చుటకు చిత్రమును కావలసివచ్చినది, పుస్తకమును కావలసివచ్చినది. చదువురాని ఆమెను నాటకము దగ్గరకు చేర్చినది చిత్రము. ఆపుమన్నచోట ఆగినది పుస్తకము. ఆ రాత్రి డేరాలో రీలు అయిపోయినప్పుడు దీపము వెలిగెను గాని, ఆమెకు కావలసినచోట వెలుగలేదు. మేము ఆ నాటకము ముగించుటకు మూడు నెలలు పట్టెను. పీఠికలోని అంకెలను నాన్నగారిచేత తెనుగున చెప్పించుకొని, మామ్మ వేళ్ళమీద లెక్కపెట్టుకొని, "ఎనిమిదేళ్ళవాళ్ళ లెక్క చెప్పలేదేం?" అని అడిగెను.

బాల్యమే కాదు, వార్ధక్యమును తెరకు కష్టమే. మనవారు యువకునికి తెల్లజుట్టు అంటించి ముసలివాడనుకొమ్మందురు. ఈ విషయమున సత్యజిత్‌ రాయ్‌ చేసిన పని నాకు మిక్కిలి నచ్చినది. విభూతిభూషణ బంద్యోపాధ్యాయుని "పథేర్‌ పాంచాలి" 1929లో పుస్తకముగా వచ్చెను, చిత్రము 1955లో. అందు ఇందిర్‌ ఠాకురాణి అను ముదుసలి కలదు. కులీన వివాహ దురాచారమున పేరునకు మాత్రము భర్తను పొంది, ఏ కొంపయు తనది కాక, దూరపు చుట్టముల పంచన కాలము గడుపునది. ఈ పాత్రకు రాయ్‌ ఎనుబదేండ్ల దరిదాపున నున్న పూర్వరంగస్థలనటి చునీబాలాదేవిని వెదకి తెచ్చెను. నవలలో ఇందిర్‌ కథ మొదటనే మరణించును. అప్పటికి అపు ఊయెలలోని శిశువు. చిత్రములో ఆమె చాలకాలము జీవించును. వెదురుపొదలయొద్ద కూర్చున్న ఆమెను తట్టి లేపబోయిన పిల్లలకు ఆమె మరణించినట్లు తెలియును. పుస్తకమునకు ఇది పెద్ద వ్యత్యాసమే. కాని ఆ ముడుతలలో, పండ్లులేని ఆ నవ్వులో, కుండతో నీళ్ళు పోసికొను వణుకుచేతిలో ఆమె వయస్సు సత్యముగా నిలిచినది. మా మామ్మ గతించిన తరువాత నేను ఆ చిత్రమును చూచితిని. ఆమె చెంబే ఆ చేతిలో నున్నట్లుండెను.

ఇక మా కాలపు నవలలు. 1960 తరువాత స్త్రీలు వ్రాసిన నవలలు మన ఇండ్లలో వంటయింటి వేళలను మార్చివైచెను. అద్దె పుస్తకముల దుకాణములలో కోడూరి కౌసల్యాదేవి, యద్దనపూడి సులోచనారాణి నవలలకు పేర్లు వ్రాసికొని వేచియుండెడివారము. అవి కలలమేడలని పెద్దలు ఎగతాళి చేసిరి. ఆ మాట కొంతవరకు నిజమే. అయినను జీతము తెచ్చుకొను ఆడపిల్ల, తన మాట తాను చెప్పగల ఆడపిల్ల, ఆ పుటలలో మా యింటికి వచ్చిపోవుచుండెను. 1971లో "ప్రేమనగర్‌", 1973లో "మీనా", 1976లో "సెక్రటరీ" చిత్రములైనవి. వీనిలో "మీనా"కు దర్శకురాలు విజయనిర్మల. స్త్రీ వ్రాసిన నవలను స్త్రీయే తెరకెక్కించుట ఆనాడు అరుదు, ఆ ముచ్చట కొరకే మేము నలుగురము కలిసి పట్టణమునకు పోయి చూచివచ్చితిమి.

"సెక్రటరీ" నవలలో జయంతి, రాజశేఖరము. మా కట్టలో ఆ పుటలు చేతులు మారి మారి అంచులు అరిగిపోయినవి. రాజశేఖరము ఎట్లుండునో ఊరికొక తీరుగా ఊహించుకొంటిమి. మా మేనత్త కూతురు మాత్రము వానికి తన బావ మీసములు పెట్టెను. చిత్రమున అక్కినేని నాగేశ్వరరావుగారు రాజశేఖరము, వాణిశ్రీ జయంతి. నాగేశ్వరరావుగారికి అప్పటికి ఏబది దాటియుండెను. వాణిశ్రీకి ముప్పది నిండలేదు. ఆయన నటనకు వంక పెట్టలేము, ఆ నడక, ఆ చూపు ఇంకొకరికి రావు. కాని లెక్క వేసికొని చూడుడు. పార్వతి విషయమున పిల్ల వయస్సు పెరిగెను; ఇచ్చట మగవాని వయస్సు తగ్గెను. రెండు తీరులను ఒకే సంగతి కంటికి ఆనకుండ పోయెను: ఇద్దరి నడుమనున్న ఏండ్లు. ఈడుగాని పెండ్లిని ఖండించుచు అరువదేండ్లు ప్రహసనములు వ్రాసికొన్న భాష మనది. ఆ భాషలోనే ఏబది దాటిన నాయకుని ప్రక్కన ఇరువదిలలోని నాయికను నిలిపి, ఈడుజోడని పాట పాడించితిమి; పండుగకు కుటుంబముతో పోయి చూచితిమి. నవల వ్రాసినామె ఈ తేడా పెట్టలేదు. టిక్కెట్లు కొన్న మనమే దానిని సహించితిమి. నాయకునికి ఏబది నిండినను నాయిక ముప్పది దాటరాదను నియమము ఇప్పటికిని పూర్తిగా పోలేదు. ముప్పదియైదు దాటిన నటికి వదిన వేషమో తల్లి వేషమో కాచుకొని యుండును.

మా మనుమరాలు హైదరాబాదున చదువుచున్నది. దానికి సినిమాలన్నియు చేతిలోని ఫోనులోనే కలవు. ఎవరు ఎప్పుడు పుట్టిరో కూడ క్షణములో చెప్పును. పోయిన సంక్రాంతికి వచ్చి "సెక్రటరీ" కొంత చూచి, మధ్యలో ఆపి, ఇద్దరి వయస్సుల తేడా లెక్కకట్టి నాకు చెప్పెను. మామ్మకు లేని వసతి దీనికి కలదు; కావలసినచోట బొమ్మను ఆపగలదు. పుస్తకములోని రాజశేఖరమునకు ఎన్నేండ్లని అడిగినది. కట్ట విప్పి చూడుమంటిని. క్యాలెండరు అట్టతో సహా సంచిలో పెట్టుకొని పోయినది. ఉగాది వచ్చిపోయినను తిరిగి పంపలేదు. "దేవదాసు" కూడ కావలెనని మొన్న ఉత్తరమువంటిదొకటి ఫోనులో పంపినది. ఆ పుస్తకమున 13 అను అంకె క్రింద నేను 1963లో గీచిన పెన్సిలు గీత యున్నది, చెరపలేదు.